నోరు చూస్తే బాగానే ఉంది, మంట మాత్రం ఆగడం లేదు

ఒకావిడ నోరు తెరిచి చూపిస్తే ఏమీ కనపడదు. పూత లేదు, పుండు లేదు, ఎరుపైనా లేదు. ఆవిడ మాత్రం పొగలు కక్కే కాఫీ ఒక్క గుక్కలో మింగితే నాలుక ఎలా చురుక్కుమంటుందో రోజంతా అలాగే ఉంటోందంటుంది. పొద్దున లేచేసరికి కాస్త నయం. మధ్యాహ్నానికి మొదలై, దీపాలు పెట్టే వేళకు భరించలేనంత అవుతుంది. విచిత్రమేమిటంటే అన్నం తినేటప్పుడు మంట తగ్గుతుంది, తిని ఖాళీగా కూర్చుంటే మళ్ళీ వస్తుంది. ఇంట్లోవాళ్ళు నమ్మనిది ఇక్కడే. "అంత మంటగా ఉంటే మరి ఆవకాయ ఎలా తింటున్నారత్తయ్యా?" అని కోడలు అడిగితే అత్తగారి దగ్గర జవాబుండదు. జవాబు ఉంది. తినేటప్పుడు తగ్గడమే ఈ జబ్బు గుర్తుల్లో ఒకటి.

గంపలగూడెం మండలం పెనుగొలనులాంటి ఊళ్ళో, యాభై దాటి ముట్లు ఆగిపోయిన ఒక ఆవిడను మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. ఈ బాధ ఎక్కువగా వచ్చేది ఆ వయసు ఆడవాళ్ళకే. మగవాళ్ళకూ వస్తుంది, తక్కువ. ఆవిడకు మొదట దొరికే సలహా "వేడి చేసింది" అని. మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు మొదలవుతాయి. వాటివల్ల నష్టమేమీ లేదు, మజ్జిగ తాగితే కాసేపు హాయిగానే ఉంటుంది. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ బీ కాంప్లెక్స్ బిళ్ళలు ఇస్తాడు. ఆ తర్వాత పంటి డాక్టరు. అక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఒక పన్ను పుచ్చిందనీ, కదులుతోందనీ విడిగా కారణం ఉంటే తప్ప, నాలుక మంట కోసం పళ్ళు పీకించుకోకండి. పళ్ళన్నీ పోయి, కట్టుడు పళ్ళు వచ్చి, వాటి కింద అదే మంట మిగిలినవాళ్ళున్నారు.

వైద్యులు దీన్ని బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అంటారు. రోజుకు 2 గంటలకు పైగా, 3 నెలలకు మించి మంట ఉంటూ, నోట్లో చూడటానికి ఏ కారణమూ కనపడకపోతేనే ఆ పేరు పెట్టాలన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. నాలుక కొన, నాలుక పక్కలు, పై అంగిలి ముందు భాగం, కింది పెదవి లోపలి వైపు దీని చోట్లు. చాలామందికి నోరు ఎండినట్టు, చేదుగానో ఇనుప రుచిగానో ఉన్నట్టు కూడా అనిపిస్తుంది.

అయితే ఆ పేరు పెట్టే ముందు వెతకాల్సినవి చాలా ఉన్నాయి. డబ్బూ ఓపికా ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. ఎందుకంటే ఈ భాగంలో దొరికే కారణాలకు మందుంది, మంట పూర్తిగా పోయే అవకాశం ఉంది. దీన్ని దాటిపోయాక ఉన్నవన్నీ తగ్గించే మందులే.

రక్తంతో మొదలుపెట్టండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, బీ12, ఫోలేట్, మూడు నెలల సుగరు లెక్క చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, వీలైతే జింకు. కొందరిలో మంట వెనక ఇనుము, బీ12 లోపం ఉంటుంది. శాకాహారులకు బీ12 తగ్గడం మామూలు. మనవాళ్ళు గమనించనిది ఇంకోటుంది: సుగరుకు ఏళ్ళ తరబడి వాడే మెట్‌ఫార్మిన్ బీ12ను తగ్గిస్తుంది. గ్యాస్ అని రోజూ పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కూడా ఎక్కువ కాలం వాడితే తగ్గిస్తాయి. సుగరు బిళ్ళ, గ్యాస్ బిళ్ళ రెండూ కలిసి ఏళ్ళుగా వాడుతున్న శాకాహారి అయితే ఆ పరీక్ష వాయిదా వేయొద్దు.

లోపం కనపడితే దాన్ని నింపాలి, నింపాక వారాలు, నెలలు ఆగి చూడాలి. ఇనుము బిళ్ళ టీతో వేసుకుంటే వృథా, నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. లోపం లేకపోతే మాత్రం బలానికని నరాల బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగడం మంచిది కాదు. వాటిలో చాలావాటిలో బీ6 ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం పోతే నరాలనే దెబ్బతీస్తుంది. నరాల మంటకు వాడే బిళ్ళే కొత్త నరాల మంట తెచ్చిపెట్టగలదన్నమాట.

ఇక నోట్లో పెట్టుకునేవి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వేసి పడుకోవాలి. తీయకుండా పడుకునేవాళ్ళకు వాటి కింద బూజు పడుతుంది. సుగరున్నవాళ్ళకు, ఉబ్బసానికి పంపు పీల్చేవాళ్ళకు కూడా ఈ బూజు పట్టే అవకాశముంది. తెల్లగా పట్టి, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది, కొన్నిసార్లు తెలుపేమీ లేకుండా ఎర్రగా ఉండి మంట మాత్రమే ఉంటుంది. దీనికి క్లోట్రిమజోల్ లాంటి పూతమందు చౌకగా దొరుకుతుంది, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. పంపు పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయడం అలవాటు చేసుకుంటే మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుంది.

పళ్ళు తోముకునే సరుకు కూడా చూడండి. ఎర్ర పళ్ళపొడి, ఉప్పూ బొగ్గూ కలిపిన పొడి, లవంగ నూనె, కారంగా చల్లగా ఉండే పేస్టు, స్పిరిట్ ఉండే మౌత్‌వాష్, ఇవన్నీ మంట ఉన్న నాలుకకు పడవు. ఎక్కువ నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు ఒకటి రెండు నెలలు వాడి చూడటం ఖర్చులేని పరీక్ష. ఇంకో అలవాటు: మంట పుడుతుంటే నాలుక శుభ్రంగా లేదేమోనని పొద్దున్నే టంగ్ క్లీనరుతో రక్తం వచ్చేలా గీసేస్తారు. ఆపండి. నాలుకను అద్దంలో చూసుకోవడం, పళ్ళకేసి రుద్దుకోవడం కూడా ఆపాలి. మంట ఉన్నవాళ్ళు తెలియకుండానే రోజంతా ఆ పని చేస్తుంటారు.

బీపీ బిళ్ళ ఏదో కూడా చూసుకోండి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ జాతి మందులు కొందరిలో నోటి మంట తెస్తాయి. ఆ బిళ్ళ మొదలుపెట్టడానికీ మంట మొదలవడానికీ దగ్గర తేదీలుంటే డాక్టరుకు చెప్పండి, మార్చడానికి వేరే జాతి మందులున్నాయి. సొంతంగా మాత్రం ఆపొద్దు. నాలుక మంట పోవడం కోసం పక్షవాతం తెచ్చుకుంటారా?

మనసులో అందరికీ ఉండే భయం ఒక్కటే, "క్యాన్సరేమో". నోటి మంట సిండ్రోమ్ క్యాన్సర్‌గా మారదు. కానీ క్యాన్సరునూ, క్యాన్సరుకు ముందుండే జబ్బులనూ దీనితో కలిపేసి ఊరుకోకూడదు. మన ఆంధ్రలో ఆ జాగ్రత్త రెండింతలు కావాలి. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం తీరాన ఎంత విస్తారంగా ఉండేదంటే, డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం పది వేల మందికి పైగా పల్లెజనం అంగిళ్ళు పరీక్షించి 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చు వేసింది. అడ్డపొగ తగ్గినా గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాట్లు ఇంకా ఉన్నాయి. వక్క ఏళ్ళ తరబడి నమిలేవాళ్ళకు బుగ్గలు లోపల తోలులా గట్టిపడి నోరు తెరుచుకోదు. ఆ జబ్బులో మంట కారం తిన్నప్పుడు ఎక్కువవుతుంది. మనం మాట్లాడుకుంటున్న జబ్బులో తిన్నప్పుడు తగ్గుతుంది. తేడా అక్కడ పట్టుకోవచ్చు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు జతచేసి, ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉండేలా ముందు పళ్ళ మధ్య పెట్టండి. ఎవరి వేళ్ళు వాళ్ళ నోటికే కొలత. మూడు వేళ్ళూ పట్టకపోతే, లేదా రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే, తుడిస్తే పోని తెల్లటి ఎర్రటి మచ్చ ఉంటే, గడ్డ తగిలితే, ఒక పక్క తిమ్మిరి పడితే, మింగడం కష్టమైతే ఈ అధ్యాయం మూసి ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలి? దగ్గర్లోని తిరువూరులో రక్తపరీక్షలు, మామూలు పంటి పని అయిపోతాయి. ఈ జబ్బు తెలిసినవాళ్ళు మాత్రం దంత కళాశాలల్లో ఓరల్ మెడిసిన్ విభాగంలో ఉంటారు. పళ్ళు కట్టే విభాగమూ, పళ్ళు పీకే విభాగమూ కాదు, చీటీ రాయించుకునేటప్పుడే ఓరల్ మెడిసిన్ అని అడగండి. విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. గన్నవరం దగ్గర చినౌటపల్లిలో సిద్ధార్థ దంత కళాశాల ఉంది. తెలంగాణ సరిహద్దు అవతల బంధువులుంటే ఖమ్మం మమత దంత కళాశాల కూడా అందుబాటే. పాత రిపోర్టులు, వాడుతున్న బిళ్ళల అట్టలు ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. డాక్టరు మీకిచ్చే సమయం మూడు నాలుగు నిమిషాలు. కాబట్టి చెప్పాల్సింది ముందే ఒక చీటీ మీద రాసుకోండి: "ఎనిమిది నెలలుగా, రోజూ, నాలుక కొనమీద మంట. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. తింటుంటే తగ్గుతుంది. వక్క, పొగాకు అలవాటు లేదు." ఇంత చెబితే డాక్టరు సగం దారి వచ్చేసినట్టే. "ఒళ్ళంతా బాగోలేదండీ" అని మొదలుపెడితే ఆ మూడు నిమిషాలూ మోకాళ్ళకే పోతాయి.

కారణాలన్నీ వెతికి ఏదీ దొరకలేదనుకుందాం. అప్పుడు మిగిలేది నరాల సంగతి. దీన్ని చాలాకాలం "మనసులో పుట్టిన జబ్బు" అని కొట్టేశారు. 2005లో ఇటలీలోని మిలాన్ పరిశోధకులు 12 మంది రోగుల నాలుకల నుంచి గోటి ముక్కంత చర్మం తీసి సూక్ష్మదర్శినిలో చూశారు. పై పొరలో ఉండాల్సిన సన్నని నరాల తంతువులు బాగా తగ్గిపోయి ఉన్నాయి. 2007లో లండన్ వాళ్ళు ఇంకోటి చూశారు: ఆ తంతువుల మీద వేడినీ కారాన్నీ పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాలు మామూలుకన్నా ఎక్కువగా ఉన్నాయి, మంట ఎక్కువున్నవాళ్ళలో ఇవీ ఎక్కువ. మిరపకాయలో ఉండే కాప్సైసిన్‌తోనే ఆ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. అది దాదాపు 43 డిగ్రీల వేడికీ, కారానికీ ఒకేలా మోగుతుంది. ఆ పనికి జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అంటే నాలుక మీద నిప్పూ లేదు, కారమూ లేదు, గంట మాత్రం మోగుతోంది. ఇంట్లో నమ్మనివాళ్ళకు ఈ పేరా చదివి వినిపించండి.

మందుల్లో అన్నిటికన్నా మంచి ఆధారం ఉన్నది క్లోనజెపామ్‌కు. అదీ మింగడం కాదు, చప్పరించడం. 2004లో ఫ్రాన్సులో 48 మంది మీద చేసిన పరీక్షలో వాడిన పద్ధతి ఇది: 1 మిల్లీగ్రాము బిళ్ళ నోట్లో వేసుకుని, మంట ఉన్న చోట దాని రసం తగిలేలా 3 నిమిషాలు ఉంచాలి, రసం మింగకూడదు, తర్వాత ఉమ్మేయాలి. రోజుకు మూడుసార్లు, 14 రోజులు. ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్ళకన్నా అసలు బిళ్ళ వాడినవాళ్ళకు మంట బాగా తగ్గింది. అందరికీ కాదు. ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఉమ్మేసినా కొంత లోపలికి పోతుంది, మత్తుగా ఉంటుంది, అరవై దాటినవాళ్ళు రాత్రి లేచి తూలి పడితే తుంటి ఎముక పోతుంది. అలవాటు కూడా పడుతుంది. వీధి చివర మందుల షాపులో తెలిసినవాడు ఇస్తాడని తెచ్చుకోవద్దు. డాక్టరు రాస్తే మాత్రం మింగాలో చప్పరించాలో అడగకుండా చీటీ మడవకండి.

రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ లేదా నార్ట్రిప్టిలిన్, లేదంటే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డులోక్సెటిన్ రాస్తారు. ఇవి నరాల నొప్పికి వాడేవే. అట్ట మీద మనోవ్యాధి మందని రాసుందని కంగారుపడొద్దు. అమిట్రిప్టిలిన్‌తో ఒక చిక్కుంది, నోరు ఎండిపోతుంది. ముందే ఎండిన నోరైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం కథ వేరు. ఇటలీలో 2002లో రోజుకు 600 మిల్లీగ్రాములు రెండు నెలలిచ్చి చాలా మంచి ఫలితం వచ్చిందన్నారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన పరీక్షల్లో ఉత్తుత్తి బిళ్ళకన్నా మెరుగేమీ కనపడలేదు. మన దగ్గర బీ12తో కలిపి ఖరీదైన క్యాప్సూల్‌గా అమ్ముతారు. డాక్టరు రాస్తే రెండు నెలలు వాడండి, తేడా లేకపోతే మూడో నెల డబ్బు మిగుల్చుకోండి. ముట్లు ఆగాక ఇచ్చే హార్మోన్ మందులు దీనికి పనిచేస్తాయన్న గట్టి ఆధారం లేదు.

మిరపకాయే మందుగా మారిన సంగతి మన మిరప రైతులకు చెబితే నవ్వుతారు. కాప్సైసిన్ కలిపిన నీళ్ళు చాలా పలచగా పుక్కిలిస్తే మొదట మంట పెరిగి, రోజులు గడిచేకొద్దీ ఆ నరాలు మొద్దుబారతాయి. విదేశాల్లో కొందరు డాక్టర్లు ఇది వాడుతున్నారు. ఫలితం కొందరికే, అదీ తాత్కాలికం. క్యాప్సూల్‌గా మింగితే కడుపునొప్పి. వంటింట్లో కారప్పొడి నీళ్ళలో కలిపి ఈ వైద్యం చేసుకోవద్దు. కల్లంలో ఎండే కాయకు ఘాటు ఎంతో ఎవరికీ తెలియదు, పుక్కిలిస్తే గొంతు పట్టుకుంటుంది.

తక్కువ శక్తి లేజర్ కూడా నగరాల్లో చేస్తున్నారు. చిన్న చిన్న పరీక్షల్లో బాగుందన్నారు. ముందు డబ్బంతా కట్టించుకుని పది సిట్టింగుల ప్యాకేజీ అంటే ఆలోచించండి. మూడు నాలుగు చేయించుకుని తేడా చూశాకే మిగతావి అనండి. 2016లో కోక్రేన్ సంస్థ 23 పరీక్షలను కలిపి చదివి, ఏ వైద్యానికీ గట్టి రుజువు లేదని తేల్చింది. నిరాశ పడమని చెప్పడం లేదు. "ఇది గ్యారంటీ" అనేవాడి మాట నమ్మొద్దని చెప్పడానికి రాశాను.

ఆ సమీక్షలోనే మాటలతో చేసే వైద్యం ఒకటుంది. స్వీడన్‌లో 1995లో, ఏ మందుకూ లొంగని 30 మందిని తీసుకుని, సగం మందితో వారానికోసారి మూడు నెలలకు పైగా కూర్చుని మాట్లాడారు. మంట వచ్చినప్పుడు మనసులో పరిగెత్తే ఆలోచనలను ఎలా పట్టుకోవాలో నేర్పారు. ఆరు నెలల తర్వాత చూసినా వాళ్ళకు మంట తక్కువగానే ఉంది. నిద్ర లేని రాత్రి తర్వాత మంట ఎంత పెరుగుతుందో మీకే తెలుసు. నరం నిజం, దాని గొంతు పెంచేది తగ్గించేది మనసే. మాట్లాడే మనిషి దగ్గర్లో లేకపోతే ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే పని. వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండరు ఉంటుంది కదా, పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసేది. అదే గడిలో రాత్రి పడుకోబోయే ముందు ఒక అంకె రాయండి. మంట అసలు లేకపోతే 0, ఇంతకన్నా భరించలేను అంటే 10. కొత్త మందు మొదలుపెట్టిన రోజు దాని పేరు రాయండి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. పేస్టు మార్చి, బీ12 సూది వేయించుకుని, లేజర్‌కు వెళ్ళి తగ్గితే ఏది తగ్గించిందో ఎలా తెలుస్తుంది? ఎనిమిది నుంచి ఐదుకు వచ్చినా అది గెలుపే. ఈ జబ్బులో సున్నా కోసం పరిగెత్తినవాళ్ళే ఎక్కువ అలసిపోతారు. అంకెలు లేకపోతే ఆ ఐదు కంటికి కనపడదు, "ఏ మందూ పనిచేయలేదు" అని అన్నీ పారేస్తాం.

సాయంత్రం మంట ముదిరే గంటలకు ముందే ఏర్పాటు చేసుకోండి. చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా, ఐసు ముక్క బుగ్గన, పంచదార లేని చూయింగ్ గమ్. చాలామందికి నమలడమే మందు. పుల్లటివి, దాల్చినచెక్క వేసినవి, మరీ వేడి టీ తగ్గించుకోండి. కారం మీకు మంట పెంచకపోతే మానక్కర్లేదు. ఎవరో చెప్పారని చప్పిడి కూడు తింటూ బరువు తగ్గి, నీరసపడి, ఆ నీరసాన్ని కూడా జబ్బు లెక్కలో వేసుకోకండి.

తగ్గాక మందు ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా దించాలి. క్లోనజెపామ్, గాబాపెంటిన్ ఒక్కసారిగా ఆపితే నిద్ర పోతుంది, వణుకు వస్తుంది, మంట రెండింతలై వచ్చిందనిపిస్తుంది. అది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. ఆ రోజుల్లో కూడా క్యాలెండరు మీద అంకె రాస్తూనే ఉండండి, రెండు మూడు వారాలైనా కిందికి దిగకపోతే ఆ పేజీ పట్టుకుని విజయవాడ బస్సెక్కండి.